శ్రమల గోధుమలు

చేట ఊపి చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది గానీ పురుగు ఎగరదు. గింజను పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని వేలితో ఏరాల్సిందే. మేడ మీద ఎండలో పాత దుప్పటి పరిచి, గోధుమలు కుమ్మరించి, మధ్యాహ్నం నుంచీ నేనూ మా తోడికోడలూ అదే పని మీద ఉన్నాం. నేను ఆమెను అక్కా అంటాను. నా చేతి వేగం చూసి ఆమె నవ్వింది.

"మెల్లగా కానీ చెల్లీ. ఇవి తినే రోజు వచ్చేసరికి వీటిలో పురుగుల మనవలు పుడతారు. మళ్లీ మనమే ఏరాలి."

ఇవి మేం రోజూ తినే గోధుమలు కావు. మా ఇంట్లో వీటిని శ్రమల గోధుమలు అంటారు. చివరి రోజుల్లో మహాశ్రమల కాలం ఒకటి వస్తుందని, విశ్వాసులు కూడా ఆ శ్రమల గుండా నడవాల్సిందేనని మా ఆయన నమ్మకం. ప్రభువు వచ్చేది ఆ తర్వాతే. అప్పటిదాకా బతకాలంటే తిండి ఉండాలి కదా. అందుకని మెట్ల కింద గది నిండా గోధుమ బస్తాలు, ఉప్పు, కిరోసిన్ డబ్బాలు, కొవ్వొత్తులు. ఆయన తెచ్చి దింపుతారు. ఎండబెట్టడం, చెరగడం, ఎలుక కొరికిన సంచికి మాసిక వేయడం నా వంతు. అక్క భర్త, మా బావగారి నమ్మకం ఇంకో రకం. శ్రమలు మొదలు కాకముందే, రెప్పపాటులో, ప్రభువు తనవాళ్లను పైకి ఎత్తుకుపోతాడు. ఆయన ఆ గడియ కోసం ఎదురు చూస్తున్న మనిషి కాబట్టి ఇంట్లో ఏదీ బాగు చేయించరు. వంటింట్లో కొళాయి కారుతూనే ఉంటుంది. "పోయేవాళ్లకి కొళాయి ఎందుకే?" అంటారు అక్కతో. ఆ కొళాయి కింద పెట్టిన బకెట్ నిండిందో లేదో చూసుకుని, రోజంతా పారబోసి వచ్చేది అక్క. అన్నగారి నమ్మకానికి నీళ్లు మోసేది ఆమె, తమ్ముడి నమ్మకానికి పురుగులు ఏరేది నేను. వాళ్లిద్దరి నమ్మకాలకూ పొసగదు గానీ, రెండూ మా చేతుల మీదుగానే నడుస్తాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక అన్నదమ్ములిద్దరూ ముందుగదిలో కూర్చుంటారు. సంఘంలోని మరికొందరు వస్తారు. ఒక బోధకుడు కూడా వస్తారు. ప్రభువు భూమిని ఏలుతాడనే వెయ్యేళ్ల పాలన అంటే అక్షరాలా వెయ్యేళ్లు కాదని, అది ఇప్పటికే నడుస్తున్న ప్రభువు ఏలుబడికి గుర్తు మాత్రమేనని ఆయన వాదన. ఆయన నెమ్మదిగా మాట్లాడతారు. బావగారు బల్ల చరుస్తారు. మా ఆయన గొంతు పెంచరు గానీ చెవులు ఎర్రబడతాయి. ఈ సభ కోసమే బావగారు కొత్త సోఫా కొన్నారు. పదేళ్ల గ్యారంటీ అని కొట్టువాడు చెప్పాడట. "అయితే ప్రభువు ఇంకో పదేళ్లు ఆగుతాడన్నమాట," అంది అక్క వంటింట్లో, కప్పు తుడుస్తూ. నాకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఒకసారి బైబిల్లోని తిరగలి దగ్గరి ఇద్దరు ఆడవాళ్ల మీద చర్చ నడిచింది. ఇద్దరూ కలిసి పిండి విసురుతుంటే ఒకామె తీసుకుపోబడుతుంది, ఒకామె విడిచిపెట్టబడుతుంది అన్న చోట. తీసుకుపోబడినామె ధన్యురాలు అని బావగారు. కాదన్నయ్యా, నోవహు నాడు వరద తీసుకుపోయింది చెడ్డవాళ్లనే, కాబట్టి మిగిలినామే ధన్యురాలు అని మా ఆయన. చాలాసేపు సాగింది. వంటింట్లో తిరగలి తిప్పుతున్న అక్క నావైపు వంగి అంది, "ఎవతె పోయిందీ, ఎవతె మిగిలిందీ సరే. సగంలో ఉన్న పిండి ఎవరు విసరాలో మాత్రం ఒక్కరూ చెప్పరేం?"

ప్రభువు వస్తాడని నేనూ నమ్ముతాను. చిన్నప్పుడు మా ఊరి బడిలో పంతులమ్మ చెప్పినప్పుడే నమ్మాను. ఎప్పుడొస్తాడు, ఎలా వస్తాడు అన్నది నా తలకు ఎక్కదు. కానీ ఆ మాటలు ముందుగదిలోనే ఉండిపోవు కదా. నడవా దాటి, వంటగది దాటి, మా పడకగది దాకా వచ్చాయి.

పెళ్లయిన కొత్తల్లో ఒక రాత్రి నేను పిల్లల మాట ఎత్తాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ రోజుల్లో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఎంత కష్టమో ప్రభువే చెప్పాడు. తెలిసి తెలిసి నిన్ను అందులోకి తోయలేను," అన్నారు. నా మీద ప్రేమతోనే అన్నారని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే కాబోలు ఆ మాటకు తలూపాను. కానీ ఆ తర్వాత ఒకరోజు అత్తగారు, చుట్టాలందరూ వింటుండగా, "ఏం చేస్తాం, దీని కడుపు పండలేదు," అన్నారు. ఆయన అక్కడే ఉన్నారు. చేతిలో ఉన్న వార్తాపత్రిక ఒక పేజీ తిప్పారు. అంతే. ఆ పేజీ తిప్పిన చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. నా కడుపు మీద ఆయన వేసిన తాళానికి నింద నేను మోస్తున్నాను, ఆయన పేజీ తిప్పుకున్నారు.

పొద్దుటి పూట నేను ఆసుపత్రిలో కాన్పుల వార్డులో ఆయా పని చేస్తాను. పక్కగుడ్డలు మార్చడం, నేల తుడవడం, వేడినీళ్లు పట్టుకురావడం. నొప్పులు పడుతున్న ఆడవాళ్లు ఎవరి చెయ్యి అందితే ఆ చెయ్యి పట్టుకుంటారు. నాదే ఎక్కువ అందుతుంది. ఇంటికొచ్చేసరికి మణికట్టు మీద గోళ్ల గుర్తులుంటాయి. ఆదివారం టీ ఇస్తుంటే అవి ఎవరికీ కనపడవు. చివరి రోజుల గుర్తులు ప్రసవవేదన లాంటివని ఆ గదిలో వాళ్లు అంటుంటారు, ముందు దూరంగా, తర్వాత దగ్గరదగ్గరగా వస్తాయని. నిజమే, అలాగే వస్తాయి. కానీ ఆ మాట అనేవాళ్లలో ఒక్కరూ భార్య పక్కన నిలబడినవాళ్లు కారు. బావగారి పిల్లలు ముగ్గురూ పుట్టినప్పుడు ఆయన వరండాలో ప్రార్థన చేస్తున్నారట. అక్క చెప్పింది.

వార్డులో పెద్ద నర్సమ్మ నన్ను చాలాకాలంగా గమనిస్తోంది. ఒకరోజు గుడ్డలు మడత పెడుతుంటే పిలిచింది. "నీకు చెయ్యి పట్టుకోవడం వచ్చింది. ఆ చేత్తో బిడ్డను అందుకోవడం కూడా నేర్చుకో," అంది. పక్క పట్టణంలో కాన్పుల నర్సు శిక్షణ. అక్కడే హాస్టల్. ఆమే మాట్లాడి నాకు సీటు ఇప్పించింది. "వచ్చే సోమవారం మొదలు. రాకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మళ్లీ నేను అడగలేను."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాను.

"ఎంతకాలం?" అన్నారు మా ఆయన.

"రెండేళ్లండీ."

"రెండేళ్లా!" ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "రోజులు ఎలా ఉన్నాయో చూస్తూనే ఉన్నావుగా. అంత సమయం ఉందా అసలు?"

"మొదటిసారి సరైన మాట అన్నావురా తమ్ముడూ," అన్నారు బావగారు. "శ్రమలకు ముందో తర్వాతో మనం తేల్చుకుందాం. రెండేళ్లు మాత్రం లేవు. అమ్మాయ్, ఉన్న నాలుగు రోజులు ఇల్లు చూసుకో."

అత్తగారు పప్పు వడ్డించమన్నారు. వడ్డించాను. ఇన్నేళ్లలో ఆ అన్నదమ్ములు ఒక్కమాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదలు.

తర్వాతి ఆదివారం, అంటే ఆ సోమవారానికి ముందురోజు, మళ్లీ సభ. టీ పళ్లెంతో నేను లోపలికి వెళ్లేసరికి ఆ గర్భిణుల మాటే నడుస్తోంది. అది ఎప్పుడో యూదుల గుడి కూలిన నాడే జరిగిపోయిందని బోధకుడు, కాదు రాబోయేదని మా ఆయన. మామూలుగా అయితే కప్పులు అందించి వచ్చేసేదాన్ని. ఆ వేళ కాళ్లు కదలలేదు.

"ఒక్క మాట అడగొచ్చాండీ?" అన్నాను. గదిలో అందరూ తలెత్తారు. నా గొంతు ఆ గదికి కొత్త. "ఆ రోజుల్లో గర్భిణులు ఉంటారనే కదా ప్రభువు అన్నది. మరి వాళ్లకు కాన్పులు ఎవరు చేస్తారు?"

బోధకుడు దయగా నవ్వారు. "అమ్మా, మేం మాట్లాడుతున్నది లోకాంతం గురించి. ఆసుపత్రి గురించి కాదు."

"నువ్వు మాతోపాటే ఎత్తబడతావు కదమ్మాయ్, మిగిలినవాళ్ల దిగులు నీకెందుకు?" అన్నారు బావగారు. గది నవ్వింది.

మా ఆయన నావైపు చూడలేదు. "టీలో పంచదార తక్కువైంది, చూడు," అన్నారు.

పంచదార డబ్బా కోసం వంటింట్లోకి వచ్చాను. అక్క కొళాయి కింది బకెట్ మారుస్తోంది. ధార సన్నగా పడుతోంది. డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. లోపల ఎవరో గట్టిగా అడుగుతున్నారు, "అసలు శ్రమలు మొదలయ్యేదెప్పుడు?" ఆ మాట నేను ఎన్ని ఆదివారాలు విన్నానో. ఆ వేళ మాత్రం మామూలు తెలుగు మాటలా వినపడింది. శ్రమ. మెట్ల కింద బస్తాలు, ఈ బకెట్, నా మణికట్టు, అక్క నడుం నొప్పి, పండలేదన్న కడుపు. ఈ ఇంట్లో అది మొదలై చాలాకాలమైంది. వాళ్లు దాన్ని తాగి, పంచదార తక్కువైందంటున్నారు. శ్రమ ఎలాగూ తప్పనప్పుడు, ఎవరి పక్కన నిలబడి పడాలో నేనే ఎంచుకోకూడదా? ప్రభువు వచ్చే వేళకు నేను పురుగులు ఏరుతూ కనపడాలా, ఒక బిడ్డను అందుకుంటూ కనపడాలా?

"అక్కా, నేను వెళ్తున్నాను," అన్నాను.

ఎక్కడికని ఆమె అడగలేదు. నా ముఖం చూసింది. చేతిలోని డబ్బా తీసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆమెకు ఇక తోడు ఎవరూ ఉండరని. బకెట్టూ ఆమెదే, బస్తాలూ ఆమెవే. ఏదో చెప్పబోయాను.

"మిగతా పిండి నేను విసురుతాలే," అంది. డబ్బా మూత బిగించి, "ఆ గోధుమలు మాత్రం ఏరను. పురుగులే తిననీ," అంది. కళ్లలో నీళ్లున్నాయి, పెదవి మీద నవ్వుంది.

నాలుగు చీరలు, ఆసుపత్రి చెప్పులు, దువ్వెన. సంచి చిన్నదే. పెరటి గుమ్మం నుంచి పోవచ్చు. కానీ నేను దొంగను కాను. ముందుగదిలోంచే నడిచాను.

బావగారు బల్ల చరుస్తూ చెబుతున్నారు. "చెప్పాపెట్టకుండా, చూస్తూ చూస్తూ ఉండగానే మాయమైపోతారు! నిన్నటిదాకా ఇంట్లో తిరిగిన మనిషి ఉన్నట్టుండి కనపడదు! అప్పుడు గానీ లోకానికి తెలిసిరాదు."

బోధకుడు ఆయన్నే చూస్తూ, నావైపు తిరక్కుండానే ఖాళీ కప్పు చాచారు. అలవాటు కొద్దీ అందుకున్నాను. చెప్పుల బల్ల మీద పెట్టాను. దారికి అడ్డంగా మా ఆయన కాళ్లున్నాయి. తలెత్తి నన్ను చూశారు, నా చేతిలో సంచిని చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అంటారేమో అని ఒక్క క్షణం ఆగాను. ఆయన, నేను చీపురు పట్టుకుని వచ్చినప్పుడు ఎత్తినట్టే, కాళ్లు పైకెత్తి దారి ఇచ్చారు.

చెప్పులు వేసుకుని గుమ్మం దాటాను.