గుడ్డ గరాటా

మా కుక్క పేరు గుండీ. పిల్లగా ఇంటికొచ్చిన రెండో రోజే నా కుట్టు మిషను కింద పడ్డ కోటు గుండీ మింగేసింది. ఇక బతకదని మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. నాలుగో రోజు ఆ గుండీ దాని దారిన అది బయటికొచ్చింది. నా భయాలు అలాంటివి. ఇంట్లో ఎవరు తుమ్మినా నాకు ఆసుపత్రి మంచమే కళ్ల ముందు కదులుతుంది.

ఈ ఏడు దానికి దురద పట్టుకుంది. చెవులు ఎర్రబడ్డాయి, పొట్ట కింద వెంట్రుకలు రాలిపోయాయి, కాళ్లు తానే కొరుక్కుని రక్తం తెచ్చుకునేది. నేను కుడుతుంటే నా కాళ్ల దగ్గర ఒకటే గోకుడు. నా మిషనైనా ఆగేది గానీ అది ఆగేది కాదు.

పశువుల డాక్టరమ్మ చూసి, "ఏదో తిండి పడట్లేదనుకుంటున్నానమ్మా. ఎనిమిది వారాలు ఉడకబెట్టిన చేప, చిలగడదుంప తప్ప ఇంకేదీ నోట్లోకి పోకూడదు. ఒక్క బిస్కట్ ముక్క తిన్నా మళ్లీ మొదటికొస్తాం," అంది. కొరుక్కోకుండా మెడకి ప్లాస్టిక్ గరాటా ఒకటి ఇచ్చింది.

ఆ గరాటాతో గుండీ తలుపులకీ మంచం కోళ్లకీ కొట్టుకునేది. ఎక్కడ మెడ విరుగుతుందోనని నాకు దడ. పాత దుప్పటి చింపి మెత్తగా గుడ్డ గరాటా కుట్టాను. బిర్రుగా నిలబడాలని గోధుమపిండి కాచి, చొక్కా కాలర్లకి పెట్టినట్టే చిక్కటి గంజి పెట్టాను. నా చేతిపనికి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు.

ఎనిమిది వారాల్లో తగ్గకపోతే గుండీని మా ఆడపడుచు భర్త తీసుకెళ్లేటట్టు అనుకున్నాం. ఆయనకో గోదాము ఉంది, కాపలాకి గొలుసేసి కట్టే కుక్క కావాలట. ఆ మాట తెచ్చింది నేనే. మా అమ్మాయి చేతి మీద ఎర్రటి మచ్చ చూసిన రోజు, దాని దురద అందరికీ అంటుకుంటుందని హడలిపోయి అనేశాను. అది దోమ కుట్టిన మచ్చని తర్వాత తెలిసింది. అప్పటికే ఆయనతో ఫోన్లో చెప్పేశాను.

పద్నాలుగేళ్ల పిల్ల, ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. రోజూ బడికెళ్లే ముందు చేప ఉడకబెట్టి ముళ్లు తీసేది. సాయంత్రం గుండీ ఎన్నిసార్లు గోక్కుంటే క్యాలెండరు మీద అన్ని గీతలు గీసేది. ఆరు వారాలు దాటాయి. గీతలు తగ్గలేదు. నాకు మంచం మీదుండే మా అత్తయ్య మీద అనుమానం వచ్చింది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. టీలో ముంచుకునే బిస్కట్ దీనికి వేస్తున్నారా?"

"నా నోటికే సగం అందట్లేదు, దాని నోటికి కూడానా?"

"ఒక్క ముక్కే కదా అని..."

"నీకు పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చిందే? కావాలంటే దిండు కింద కూడా వెతుక్కో."

వెతికాను. కళ్లజోడు తప్ప ఏమీ దొరకలేదు. ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

యాభై అయిదో రోజు శనివారం. మర్నాడు గోదాము ఆయన వచ్చి తీసుకెళ్తాడు. పంపేటప్పుడైనా శుభ్రంగా ఉండాలని గరాటా ఉతికి గంజి పెట్టి కుర్చీ మీద ఆరేశాను. అది ఎప్పుడూ రెండు రోజులకే మెత్తబడిపోయేది. చొంగ వల్ల అనుకుని మళ్లీ మళ్లీ గంజి పెట్టేదాన్ని. చేతులు తుడుచుకుని తిరిగి చూస్తే గుండీ కుర్చీ మీద ముందు కాళ్లు వేసి గరాటా నాకుతోంది. లోపలా బయటా, వదలకుండా.

మంచం మీంచి అత్తయ్య అంది, "అదేంటే, పాయసం గిన్నె దొరికినట్టు అలా నాకుతోంది?"

నేను గంజి గిన్నె వంకా దాని నాలుక వంకా చూశాను.

ఆవిడ లేచి కూర్చుంది. "ఓసి నీ దుంపతెగ! దాని మెడకే భోజనం కట్టి, దొంగతనం నా నెత్తిన వేశావా!"

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, గంజి దేంతో కాశారని అడిగింది. గోధుమపిండి అన్నాను.

"చచ్చిపోతుందా డాక్టరమ్మా?"

"చావదమ్మా. కానీ ఇన్నాళ్లూ చేసింది పనికిరాదు. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి."

మిషను ముందు కూలబడ్డాను. మళ్లీ ఎనిమిది వారాల చేప వాసన, ఆ గోకుడు, ఆ గీతలు. నడుము పట్టేసింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఊరుకుంటే రేపటితో అన్నీ తీరిపోతాయి. అబద్ధమెందుకు, ఆ ఆలోచన వచ్చింది. అత్తయ్య నా వంకే చూస్తోంది.

అంతలో అమ్మాయి చేపల సంచితో వచ్చింది. రేపు పొద్దుటికి కూడా తెచ్చానంది. చెప్పేశాను.

"యాభై అయిదు రోజులమ్మా," అంది. అంతే. అరిచినా బాగుండేది.

ఫోన్ తీశాను. "అన్నయ్యగారూ, రేపు రాకండి."

"ఏం చెల్లెమ్మా, తగ్గిందా?"

"తగ్గలేదండీ. తప్పు నాది. ఇక్కడే ఉంచుకుంటాం."

"గొలుసు కూడా కొనేశానమ్మా!"

"మీ గోదాము గేటుకి వేసుకోండి అన్నయ్యగారూ."

అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ బిస్కట్ గొడవ తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు.

గరాటాని వేడినీళ్లలో నాలుగుసార్లు జాడించాను. అమ్మాయి పాత ప్లాస్టిక్ ఫైలు పట్టీలుగా కత్తిరించి, గంజికి బదులు గుడ్డ పొరల మధ్య పెట్టి కుట్టాను. ప్లాస్టిక్ అంచు మెడకి కోసుకుంటుందేమోనని రెండు మడతలు వేశాను. నాకు నమ్మకం చాలక మూడోది కూడా వేశాను. అమ్మాయి క్యాలెండరు మీద పాత గీతలు చెరపలేదు. వాటి కింద ఒకటో రోజు అని రాసి, నా పక్కన పీట మీద కూర్చుంది. పాపం, కళ్లు మూతలు పడుతున్నాయి.

గుండీ వచ్చి మిషను కింద పడుకుంది. కాసేపటికి గోక్కోవడం మొదలుపెట్టింది. అమ్మాయి లేవబోయింది.

"కూర్చోవే, ఇవాళ నేను గీస్తా," అని మోకాళ్లు పట్టుకుని లేచాను.