ప్లీడరుగారు అనని మాట

నేను ఒక ప్లాస్టిక్ ముక్కను. వెడల్పు రెండు వేళ్ళు, పొడవు జానెడు కూడా ఉండదు. నెత్తి మీద రెండు అంకె, దాని పక్కన ఒక డైమను గుర్తు. పేకముక్క అనుకునేరు! పేకముక్కలది వేరే వంశం, వాళ్ళలో రాజులూ రాణులూ ఉన్నారు. నేను బ్రిడ్జి ఆటలో పాట (వేలంపాట లాంటిదే, సంగీతం కాదు) పాడేటప్పుడు పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టే కార్డును.

మేం రాకముందు మనుషులు నోటితోనే పాడుకునేవారట. బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఒకరి ముక్కలు ఒకరికి కనపడవు కనుక ఏ రంగుతో ఎన్ని పట్లు పట్టగలరో పాటతోనే చెప్పుకోవాలి. మనిషి నోరు ఊరుకుంటుందా? చెయ్యి బాగుంటే గొంతు ఖంగుమనేది, బాగోకపోతే గొణిగేది. దగ్గులూ సకిలింపులూ సరేసరి. ఇంత చదువుకున్న పెద్దమనుషుల్ని ఒక్క గంట నోరు మూయించడానికి మమ్మల్ని కనిపెట్టాల్సి వచ్చింది. నేను ఎక్కడో ఒక చిన్న ఫ్యాక్టరీలో పెద్ద షీటు మీద అచ్చయి, కత్తిరింపులు అయ్యి, మిగతా పాటలతో కలిసి ఒక పెట్టెలో సర్దుకుని కాకినాడలో ఒక క్లబ్బుకి చేరాను. మాలో 'ఇక నేను పాడను' అని చెప్పే పాస్ అనే ఆకుపచ్చవాళ్ళది పెద్ద గుంపు. ఏ పనీ చేయకుండానే పూటకి వందసార్లు బయటికొచ్చి గాలి పీల్చుకుంటారు. నాకు వాళ్ళంటే మొదటినుంచీ మంట.

నా ఉద్యోగం కాస్త చిత్రమైనది. ఎవరైనా 'ఒకటి నోట్రంప్' అని పాట మొదలుపెడితే, నా చెయ్యి బలమైనది, అన్ని రంగులూ సమంగా ఉన్నాయి అని అర్థం. ఎదురుగా ఉన్న జతగాడి చేతిలో అయిదు ఆటీన్లు, అంటే హార్ట్ గుర్తు ముక్కలు, ఉంటే అప్పుడు నన్ను తీస్తాడు. నా మీద ఉన్నది డైమను, చెప్పేది ఆటీను. 'ఆ ఆటీన్లేవో నువ్వే పాడు బాబూ, బలం నీ దగ్గరుంది' అని ఆ పని అటు అప్పగించడం అన్నమాట. దీన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. ఇందులో దొంగతనం ఏమీ లేదు. నన్ను చూడగానే పాట మొదలుపెట్టినవాడు 'ట్రాన్స్‌ఫర్' అని పైకి అనాలి. ఎదుటి జట్టుకి తెలియాలి కదా.

పదకొండేళ్ళు నేను హైమవతిగారి చేతిలో ఉన్నాను. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. మోకాళ్ళ నొప్పి వల్ల ప్రతి ఆదివారం కిటికీ పక్క కుర్చీలోనే కూర్చునేది, ఆ కుర్చీ దగ్గర పెట్టె మాది. ఆవిడ జతగాడు ప్లీడరు జోగారావుగారు. కోర్టులో ఎలా ఉండేవాడో తెలియదు కానీ, క్లబ్బులో మాత్రం ఆయన గొంతు వీధి చివరి కిళ్ళీకొట్టుకి వినపడేది. ఆవిడ నన్ను రెండు వేళ్ళతో తీసి తిన్నగా పెట్టేది. చప్పుడు చేసేది కాదు, విసిరేది కాదు. ఎదురుగా ఆయన 'ట్రాన్స్‌ఫర్!' అని సాక్షిని పిలిచినట్టు అరిచేవాడు.

ఆ హాల్లో గోడకి ఒక టేకు బోర్డు ఉంది. ఏటా టోర్నమెంటు గెలిచిన జంట పేర్లు దాని మీద బంగారు రంగుతో రాయిస్తారు. నలభై ఆరేళ్ళ పేర్లలో ఒక్క ఆడమనిషి పేరు లేదు. హైమవతిగారు రెండుసార్లు రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఒక్కసారి నా పేరు అక్కడ చూసుకోవాలండీ ప్లీడరుగారూ. సిగ్గు లేకుండా చెప్తున్నాను," అంది ఒకసారి, టీ తాగుతూ.

"చూసుకుంటారండీ! నేనున్నానుగా!" అన్నాడాయన.

ఆ ఏడాది టోర్నమెంటులో చివరి ఆటకి వచ్చేసరికి వీళ్ళే ముందున్నారు. వెనకాలే డాక్టర్ విశ్వపతిగారి జంట. ఆ చివరి బల్ల దగ్గర వీళ్ళకి ఎదురు జట్టు కూడా వాళ్ళే. చెడిపోకుండా ఈ ఒక్క చెయ్యి గట్టెక్కితే చాలు, పేరు బోర్డు ఎక్కినట్టే.

ప్లీడరుగారు ఒకటి నోట్రంప్ పెట్టాడు. హైమవతిగారి చేతిలో అయిదు ఆటీన్లు, మూడు డైమన్లు, ఓ మాదిరి బలం. నన్ను తీసి పెట్టింది.

ఆయన ఏమీ అనలేదు.

నేను బల్ల మీద వెల్లకిలా పడుకుని ఎదురుచూశాను. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ నోరు మూతపడింది. గెలుపు అంత దగ్గరికి రావడంతో ఆయన బుర్రలో ఉన్నదంతా ఎగిరిపోయినట్టుంది. నన్ను చూసి నిజంగానే డైమన్లు అనుకున్నాడు. తన దగ్గరా అయిదు డైమన్లు ఉండటంతో సంబరంగా మూడు డైమన్లు పెట్టాడు.

ఇక్కడే ఉంది చిక్కు. వాళ్ళిద్దరూ రాసుకున్న ఒప్పందం ప్రకారం, ట్రాన్స్‌ఫర్ తర్వాత ఆయన మూడు డైమన్లు అంటే 'నాకూ నాలుగు ఆటీన్లున్నాయి, మీకు కాస్త బలముంటే నాలుగు ఆటీన్ల దాకా వెళ్ళండి' అని. కానీ ఆయన మరిచిపోయాడని ఆ మౌనమే ఆవిడకి చెప్పేసింది. ఇప్పుడు ఒక్క పాస్ కార్డు తీస్తే మూడు డైమన్ల దగ్గర పాట ఆగిపోతుంది. హాయిగా గెలిచే ఆట. అయితే జతగాడి మాటనుంచి గానీ మౌనంనుంచి గానీ తెలిసినదాన్ని వాడుకోకూడదని బ్రిడ్జి నియమం. ఆయన 'ట్రాన్స్‌ఫర్' అన్నాడనుకునే ఆడాలి.

ఎవరు పట్టుకుంటారు? డాక్టరుగారు టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు. అంత పెద్దావిడ మీద, ఆటలో తగవులు తీర్చే డైరెక్టరును పిలిచే మొహం ఆ క్లబ్బులో ఎవరికీ లేదు.

ఆవిడ బోర్డు వంక చూసింది. పాస్‌ల గుంపు మీద ఆవిడ వేలు పడింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నేను కూడా వాళ్ళనే తియ్యమని మొక్కుకున్నాను. ఆవిడ వేలు ముందుకు జరిగింది. నాలుగు ఆటీన్లు తీసి, తిన్నగా, చప్పుడు లేకుండా పెట్టింది.

అందరూ పాస్ పెట్టారు. డాక్టరుగారు మొదటి ముక్క వేయబోతుంటే ఆపింది.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం. నా రెండు డైమన్లు ట్రాన్స్‌ఫరండి. మావారు చెప్పలేదు... అదే, మా ప్లీడరుగారు."

కంగారులో మాట తడబడి పాపం ఎర్రబడింది. ప్లీడరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన ముక్కలు బల్ల మీద పరిస్తే ఆటీన్లు రెండే రెండు. ఆట రెండు పట్లు తక్కువతో పోయింది.

"పాస్ అనేస్తే అయిపోయేది కదండీ టీచరుగారూ?" అన్నాడు డాక్టరుగారు.

"అయిపోయేదండి."

"మరి?"

"ముప్పై రెండేళ్ళు పిల్లల్ని పక్కవాళ్ళ కాగితంలోకి చూడొద్దన్నదాన్నండీ. ఇప్పుడు నేను చూస్తే ఏం బాగుంటుంది?"

ఆ గొడవలో ప్లీడరుగారు నన్ను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎందుకో ఆయనకీ తెలిసుండదు. అందువల్ల తర్వాత జరిగింది నేను చూశాను. హైమవతిగారు బోర్డు ముందు ఆగి పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తిట్టండి టీచరుగారూ. ఒక్క మాటన్నా తిట్టండి," అన్నాడాయన.

"తిడితే పట్లు వస్తాయా? ఆదివారం నాలుగింటికి వచ్చెయ్యండి."

నేను మళ్ళీ పెట్టెలోకి వెళ్ళలేదు. నా చోట సెక్రెటరీ అట్టముక్క కత్తిరించి ఎర్రసిరాతో డైమను గీసి పెట్టాడట. పోనీలెండి. ప్లీడరుగారు ఇంటికెళ్ళి నా వీపు మీద 'హైమవతిగారు, నాలుగు ఆటీన్లు, రెండు తక్కువ' అని రాసి తారీఖు వేశాడు. అప్పటినుంచీ ఆయన పాత కళ్ళజోడు పెట్టెలో ఉంటున్నాను. రోజూ పొద్దున్నే మూత తీసి నా వంక చూసి 'ట్రాన్స్‌ఫర్' అంటాడు.

"స్నానం కూడా చెయ్యకుండా ఆ జపం ఏంటండీ?" అంటుంది ఆయన భార్య వరాలమ్మగారు.

క్లబ్బుకి మాత్రం నన్ను తీసుకెళ్ళడు. ఆట మధ్యలో జ్ఞాపకం కోసం నన్ను చూసుకోవడం తప్పు కదా.

మళ్ళీ టోర్నమెంటు వచ్చింది. ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే వరాలమ్మగారు అడిగింది.

"గెలిచారా?"

"మూడో స్థానం."

"మరి ఆ మొహం అలా వెలిగిపోతోందేం?"

ఆయన కళ్ళజోడు పెట్టె తెరిచి నన్ను బయటికి తీశాడు.

"టీచరుగారు రెండు డైమన్లు పెట్టారే. హాలంతా దద్దరిల్లేలా 'ట్రాన్స్‌ఫర్' అన్నాను. డైరెక్టరు పరుగెత్తుకొచ్చి మెల్లిగా అనమన్నాడు."

"ఆవిడేమన్నారు?"

ఆయన నన్ను వెనక్కి తిప్పి నా వీపు మీది అక్షరాలు చూశాడు.

"'పోయినేడూ అన్నారనుకునే ఆడానండీ' అన్నారు," అని చెప్పి, నన్ను పెట్టెలో పెట్టి మూత వేశాడు.