మెట్టు కింద తెల్లబండ

"టీ పెట్టు పూర్ణా, నలుగురొచ్చారు," అన్నాడు మహేష్, ఫోనులోంచి తలెత్తకుండా.

అప్పటికి పూర్ణిమ చేతిలో తడి గోనెపట్టా ఉంది. ఆ రోజు కూలిమనిషి రాలేదు. వాకిట్లో కొత్తగా పరిచిన నాపరాళ్ళ సందుల్లోకి సర్దార్ మేస్త్రి సిమెంటు పాలు పోసుకుంటూ పోతుంటే, రాళ్ళ మీదికి పొర్లిన దాన్ని ఆమె వెనకే తుడుచుకుంటూ వస్తోంది. "ఆరకముందే తుడవాలమ్మా, ఆరితే పట్టేసిద్ది," అని మేస్త్రి ముందే చెప్పాడు. ఆమె పట్టా పక్కన పెట్టి లోపలికెళ్ళింది. నలుగురు కాస్తా ఏడుగురయ్యారు. ఒకాయనకి పంచదార వద్దు, ఇంకొకాయనకి పాలు వద్దు. గ్లాసులన్నీ కడిగి మళ్ళీ వాకిట్లోకి వచ్చేసరికి మే నెల ఎండ తన పని తాను చేసుకుపోయింది. నల్లటి రాళ్ళన్నిటి మీదా బూడిదరంగు తెర ఒకటి పరుచుకుని ఉంది.

సాయంత్రం మహేష్ చూశాడు. "ఇంట్లోనే ఉంటావు గదా, ఈ ఒక్క పని కూడా చూసుకోలేకపోయావా?" అన్నాడు.

పని మధ్యలో లేపిందెవరని ఆమె అడగలేదు. పద్నాలుగేళ్ళలో అడగకుండా వదిలేసినవి చానా ఉన్నాయి, వాటిలో ఇదొకటి. కానీ ఈ రాళ్ళు వేరు. అంతకుముందున్న మట్టి వాకిలిని రోజుకి రెండుసార్లు ఊడ్చీ, నీళ్ళు చల్లీ, వానొస్తే ఇంట్లోకొచ్చే బురదని గడప దగ్గరే ఆపలేక మళ్ళీ మళ్ళీ తుడిచీ, ఏడేళ్ళు అడిగితే ఒప్పుకున్న రాళ్ళు. మాచర్ల వెళ్ళి, బండ బండ మీదా చెంబుతో నీళ్ళు పోసి, తడిసినప్పుడు ఏ రంగు తేలుతుందో చూసి ఏరుకుంది. "ఆమెకి నచ్చినయ్యే ఇవ్వండి, లేకపోతే సణుగుడు నేను పడలేను," అన్నాడు మహేష్ రాళ్ళ కొట్టాయనతో. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె మాత్రం చెంబు పట్టుకుని తర్వాతి బండ దగ్గరికి పోయింది.

ఆదివారం ఆ వాకిట్లోనే ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి, ఈసారి సర్పంచిగా నిలబడతానని చెప్పాలని మహేష్ ఆలోచన. అందుకని మర్నాడు పొద్దున్నే రెండు డబ్బాల యాసిడ్ తెచ్చాడు.

"అది పొయ్యొద్దండి," అంది పూర్ణిమ. "నాపరాయంటే సున్నపురాయే. యాసిడ్ సిమెంటుతో పాటు రాయినీ తినేస్తుంది."

"మొదలుపెట్టింది. నీ బీయస్సీ ఎప్పటి మాట? మా బావ వాళ్ళింట్లో పోశారు, అద్దంలా వచ్చింది."

"వాళ్ళది గ్రానైటు."

"ఏదైతేనేం, రాయే గదా."

"తెచ్చినాక ఇంక మాటలెందుకే," అంది అత్తగారు హనుమాయమ్మ, అరుగు మీద గోంగూర వలుస్తూ.

బీయస్సీ సంగతి అలా ఉంచితే, వంటగట్టు కూడా ఈ నాపరాయే. రోజూ చింతపండు పిసికే చోట అరచెయ్యంత మేర వన్నె పోయి, పాలిపోయి, వేలు పెడితే గరుకుగా తగులుతుంది. ఎంత తోమినా అది మళ్ళీ నల్లబడలేదు. ఆ మచ్చ ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలీదు. అక్కడ నిలబడేది తనొక్కతే గదా.

మహేష్ మేస్త్రిని పిలిచి డబ్బా అతని చేతికివ్వబోయాడు. పూర్ణిమ కొంగు ముక్కుకి కట్టుకుని, డబ్బా తనే అందుకుంది. వాకిలంతా ఒకసారి చూసుకుని మెట్టు కిందికి నడిచింది. అక్కడి బండ అన్నిట్లోకీ ఆమెకి ఎక్కువ ఇష్టం. నలుపులో సన్నటి నీలిచార ఉంటుంది. దాని మీద కొంచెం పోసింది.

బుసబుసమని నురగ లేచింది. గోంగూర వలిచే చేతులు ఆగిపోయాయి. కాసేపాగి పూర్ణిమ రెండు బకెట్ల నీళ్ళు దిమ్మరించింది. సిమెంటు పోయింది. నలుపూ లేదు, నీలిచారా లేదు. సుద్దలాంటి తెలుపు.

"మిగతావాటికీ ఇదే కావాలంటే ఇదిగో డబ్బా," అంది. గొంతు పెంచలేదు.

మేస్త్రి చూపు దించుకున్నాడు. "అమ్మ చెప్పింది నిజమే సార్. మీరు తెచ్చారు గదా అని నేను నోరెత్తలా."

"మరి ఆదివారానికి ఎట్టా?" అన్నాడు మహేష్. యాసిడ్ పోసినందుకు తిట్టడం కూడా మర్చిపోయాడు.

"పంచదార నీళ్ళలో తడిపిన పట్టాలు కప్పి ఉంచితే సిమెంటు కాస్త పట్టు వదులుతుంది. తర్వాత చెక్కతో గీకాలి, కొబ్బరిపీచుతో రుద్దాలి. చెక్కలు మూడు చేయించి పెట్టాను. మేస్త్రికొకటి, నాకొకటి."

మూడోది ఎవరికో ఆమె చెప్పలేదు.

"చీమలకి పెళ్ళిభోజనమే," అంది హనుమాయమ్మ. నిజంగానే వచ్చాయి.

శనివారం పొద్దుటి నుంచి గీకారు. పది బండలయ్యేసరికి మహేష్ అరచేతులు ఎర్రబడ్డాయి. "ఇంత పనా ఇది?" అన్నాడు. కాసేపటికి, అలవాటు కొద్దీ, "టీ పెట్టు పూర్ణా," అన్నాడు.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి," అంది పూర్ణిమ చెక్క ఆపకుండా.

మహేష్ కాసేపు తల్లి వైపు చూశాడు. ఆమె గోడ మీది చీమల వరస చూస్తోంది. చివరికి అతనే లేచి వెళ్ళాడు. టీలో పంచదార ఎక్కువైంది. అయినా అందరూ తాగారు.

సాయంత్రానికి వాకిలి నల్లగా తేలింది. గోడకి ఆనించి ఒక బండ మిగిలి ఉంది. "ఆ తెల్లదాన్ని తీసి ఇది వెయ్యి సర్దార్, రాగానే అదే కనపడిద్ది," అన్నాడు మహేష్.

"తీయొద్దు," అంది పూర్ణిమ. మేస్త్రి ఇద్దరినీ చూసి, తాపీ సంచిలో పెట్టేసుకున్నాడు.

ఆదివారం పెద్దలు వచ్చారు. వాళ్ళలో గోపాలకృష్ణయ్య చెప్పులు విప్పి, చల్లటి రాళ్ళ మీద నాలుగడుగులు వేసి, మెట్టు దగ్గర ఆగాడు. "బండలు బ్రహ్మాండంగా ఉన్నయ్ అబ్బాయ్. ఇదొక్కటేంది ఇట్టా తెల్లబడింది?"

"అదా, మేస్త్రి చేసిన పొరపాటు బాబాయ్," అన్నాడు మహేష్.

పూర్ణిమ లోపల్నుంచి ఒక కుర్చీ తెచ్చుకుని, వాళ్ళ వరసలోనే వేసుకుని కూర్చుంది.

"మేస్త్రిది కాదు బాబాయి గారూ. యాసిడ్ పోసింది నేనే. మిగతావి నల్లగా మిగిలింది అందుకే."