వేణి దిగిన వ్యాను

నేను ఒక ఇత్తడి బేసిన్ని. అజ్జరం ఊళ్ళో కంచరివాళ్ళ సుత్తిదెబ్బలు తిని పుట్టాను. ముగ్గురు అన్నదమ్ములు ఒకే పొయ్యి మీద వండుకు తినే ఇంట్లో పడ్డాను. మధ్యాహ్నం పప్పన్నం నాలో కలిపి, చుట్టూ కూర్చున్న పిల్లల చేతుల్లో వరసగా ముద్దలు పెట్టేవారు. ఎవరి బిడ్డ ఎవరో నాకే తెలిసేది కాదు.

పదిమందిలో పాము చావదంటారు. ఆ ఇంట్లో ఆడపిల్లల జడలూ అంతే. ఆవిడ వేసిందని ఈవిడ, ఈవిడ వేసిందని ఆవిడ ఊరుకునేవారు. పెద్దకోడలి కూతురు సత్యవేణికి మాత్రం ఆ బెంగ లేదు. తల్లికి వంటింట్లోనే తెల్లారేది గనక, చిన్నకోడలు మంగతాయారే దానికి జడ వేసేది, పక్కలో పడుకోబెట్టుకునేది.

"ఇది నా కూతురండీ, అక్క ఊరికే కంది" అని వచ్చినవాళ్ళందరితోనూ అనేది. పెద్దవాళ్ళు నవ్వి మరిచిపోయే మాటల్ని పిల్లలు నమ్మి దాచుకుంటారు.

అన్నదమ్ములు వేరుపడ్డారు. నేను మంగతాయారు వాటాకి వచ్చాను. ఆవిడ సామానుతో వ్యాను తణుకు బయల్దేరే వేళకి, ఆరేళ్ళ వేణి తన గౌన్లు నాలో కుక్కి, నన్ను ఒళ్ళో పెట్టుకుని అందరికంటే ముందే ఎక్కి కూర్చుంది. తల్లి గుమ్మంలోంచి చూస్తోంది.

"నువ్వెక్కడికే? దిగు, మీ అమ్మ దగ్గరికెళ్ళు" అంది మంగతాయారు.

"నేను నీ కూతుర్నే కదా పిన్నీ?"

"సరదాకి అన్నానే పిచ్చిమొహమా!"

వేణిని దింపి, గౌన్లు తీసి అరుగు మీద పెట్టింది. నన్ను మాత్రం ఉంచుకుంది. ఆవిడ మీద నాకు అసహ్యం వేసింది. ఆవిడతో వెళ్ళినందుకు నా మీద నాకూ వేసింది.

ఇప్పుడు ఆవిడ కొత్తింటి గుమ్మం పక్కన ఉన్నాను. నాలో నీళ్ళు పోసి చామంతులు వేస్తారు. అన్నం వాసన మరిచిపోయాను.

మొన్న ఆవిడ మనవరాలి పెళ్ళికి వేణి వచ్చింది. జుట్టు నెరిసింది. పదిమందిలో పెరిగిన మనిషి కదా, అడక్కుండానే వడ్డనకి దిగింది. చంటిపిల్లలు చేతులు చాస్తే మాత్రం, "మీ అమ్మేదమ్మా?" అని అడిగాకే ఎత్తుకుంది.

అందర్నీ పెళ్ళి మండపానికి తీసుకెళ్ళే బస్సు వచ్చింది. అందరూ ఎక్కుతున్నా వేణి నా పక్కనే నిలబడింది.

"ఎక్కవే! నీకు వేరే చెప్పాలా?" అంది మంగతాయారు.

"చెప్పాలి పిన్నీ" అంది వేణి నవ్వుతూనే.

"చోద్యం!" అనుకుంటూ ఆవిడ వెళ్ళి బస్సెక్కింది. ఆవిడకి ఏమీ గుర్తులేదు.

వేణి బస్సులో ఉందని కార్లలోవాళ్ళు, కారెక్కిందని బస్సులోవాళ్ళు అనుకుని ఉంటారు. అన్నీ వెళ్ళిపోయాయి. వేణి చామంతుల్ని పక్కకి జరిపి నా అడుగు తడిమింది.

ఈసారి నేను వెళ్ళలేదు.