చచ్చిన గేదె పాలు

నేను ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళను. నన్ను గేదె చెవికి కొడతారు. నా కడుపులో చిన్న చిప్పు ఉంది. ఫోను దగ్గరికి తెస్తే చాలు, ఆ గేదె పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తాను. నా సమాచారం బ్లాక్‌చెయిన్‌లో ఉంటుంది. అంటే ఒకే సంగతిని ఎన్నో కంప్యూటర్లలో రాసిపెడతారన్నమాట. ఒకసారి రాశాక బ్రహ్మదేవుడు కూడా తుడపలేడు. డెయిరీవాళ్ళు ఊళ్ళో షామియానా వేసి మరీ ఈ గొప్ప చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. పాపం, ఏమర్థమైందో!

నన్ను అంకమ్మ గేదెకు కొట్టారు. మొగుడు పోయాక ఆమెకు ఆ ఒక్క గేదే ఆధారం. చెవికి చిల్లుపడి రక్తం కారుతుంటే గేదె అరిచింది, అంకమ్మ ఏడ్చింది. నాకేం, దర్జాగా వేలాడాను.

ఓ రోజు పక్క కొట్టంలో గేదె పాము కరిచి చచ్చింది. చావు నమోదు చెయ్యడానికి డెయిరీ సూపర్‌వైజరు వచ్చాడు. కంపు భరించలేక ముక్కు మూసుకుని, మొహం అటు తిప్పుకుని ఫోను చాచాడు. మా గేదె తడిక మీదుగా తల పెట్టి చూస్తోంది. ఫోనుకు దొరికింది నేను. మా గేదె నింపాదిగా నెమరేస్తుండగానే చచ్చిపోయినట్టు నమోదైంది.

మర్నాడు పాలకేంద్రంలో పాలు కొలిచే మస్తాన్ అంకమ్మ క్యాను పక్కకు తోశాడు.

"నీ బర్రె చచ్చిపోయిందంటందక్కా మిషను. పాలు పోయించుకోటానికి లేదు."

"ఇంటికొచ్చి చూడరా! గడ్డి తింటా ఉంది!"

"నేను చూస్తే ఏం లాభం? మిషను చూడాల."

"పోనీ, అది కొట్టేసి మళ్ళీ రాయి."

"కొట్టేయటానికి లేదక్కా. అదే దాని గొప్పంట. పైకి అర్జీ పెడతాలే."

అంకమ్మ టీకొట్టుకు వెళ్ళింది. చచ్చిన గేదె పాలంటే గిరాకీ పారిపోతుందన్నాడు కొట్టతను. ఇరుగుపొరుగువాళ్ళు అయ్యో అంటూనే చెంబులు దాచుకున్నారు. దాణా నిండుకుంది. గేదె డొక్కలు తేలాయి. ఆకలితో అది అరుస్తుంటే వినలేక అంకమ్మ దాన్ని కసాయికి అమ్మేసింది. నన్ను కాకుండా గేదెను చూసినవాడు ఆయనొక్కడే. పళ్ళు చూశాడు, డొక్క తడిమాడు, బతికే ఉందని ఒప్పుకున్నాడు. నన్ను మాత్రం కోసి ఆమె చేతిలో పడేశాడు. ఆమె నన్ను ఖాళీ కొట్టంలో మేకుకు తగిలించి, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ వారంలోనే మస్తాన్ రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, శుభవార్త! పాతది తుడపలేదు గానీ దాని కింద ఇంకో మాట చేర్చారంట. నీ బర్రె బతికే ఉందంట! రేపట్నుంచి పాలు తీసుకురా!"

అనుమానం తీరక ఫోను తీసి నాకు ఆనించాడు. పచ్చగుర్తు పడింది. నేను అబద్ధం చెప్పను కదా.

అంకమ్మ నన్ను మేకు మీంచి లాగి అతని చేతిలో పెట్టింది.

"బతికే ఉందిగా నాయనా. ఇదిగో, నువ్వే పిండుకో."