గురవయ్య వైపు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఎర్రగుంటపాలెం పాత స్టేషను దగ్గర తొమ్మిది సైకిళ్ళు రైలుకట్ట ఎక్కాయి. అన్నిటికన్నా ముందు యలమంద కూతురు శ్రీరమ్య. గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్ల. ఎవరినో బతిమాలి లావు టైర్ల గేర్ల సైకిలు తెచ్చుకుంది. చున్నీ నడుముకి బిగించి, "నాన్నా, పదకొండింటికల్లా వచ్చేస్తాం. అమ్మని పులిహోర కలపమను!" అని కేకేసి తుర్రుమంది. మిగతా ఎనిమిది సైకిళ్ళూ ఆమె వెనకాలే పోయాయి.

ఆ కట్ట మీద ఒకప్పుడు మీటర్ గేజ్ రైలు నడిచేది. పెద్ద లైను వేసినప్పుడు వంకర తీసేసి తిన్నగా వేశారు. పాత ముక్క ఎనిమిది కిలోమీటర్లు పట్టాలు పీకేశాక ఒట్టి మట్టికట్టగా మిగిలిపోయింది. అటు మిరప చేలు, ఇటు పత్తి చేలు. కాలేజీ లెక్చరర్ వేణుగోపాల్‌కి సైకిళ్ళ పిచ్చి. స్పెయిన్ దేశంలో రైళ్ళు మానేసిన దారుల్ని చదును చేసి సైకిళ్ళకి వదిలేశారని ఏదో పత్రికలో చదివి, "మనకి లేకనా?" అన్నాడు. "మా ఊళ్ళో ఉంది సార్. మా నాన్న ఆ లైన్లో కీమ్యానే!" అంది శ్రీరమ్య గొప్పగా. అంతే, సారుతో కలిసి కుర్రకారు బయల్దేరింది.

కీమ్యాన్ అంటే మాటలనుకున్నారా! తెల్లారేసరికి భుజాన సుత్తి, స్పానరు, చేతిలో రెండు జెండాలు పట్టుకుని తన వంతు లైనంతా నడవాలి. వదులైన బోల్టు కంటబడాలి. ఆయన కంటబడకపోతే రైలు పడుతుంది. ఆ లైన్లో ఇరవయ్యెనిమిదేళ్ళు యలమంద అలా నడిచాడు. ఒక్కనాడూ మాట పడలేదు. యలమంద లైను క్లియరన్నాడంటే కళ్ళు మూసుకుని బండి వదలొచ్చని పైవాళ్ళే అనేవాళ్ళు. ఆయనకున్న ఆస్తి అదొక్కటే, ఉన్న కాస్త పొగరూ దాని మీదే.

వేణుగోపాల్ కూడా ఆయన్నే అడిగాడు, ఒకసారి దారి చూసి చెప్పమని. శనివారం యలమంద కత్తి పట్టుకుని కట్టెక్కాడు. అడ్డొచ్చిన కంప నరికాడు, రాళ్ళు పక్కకి నెట్టాడు. సాయంత్రం ఊళ్ళో కొట్టుకి వేణుగోపాల్ ఫోనొస్తే, చాలా ఏళ్ళ తర్వాత ఆ మాట అనే అవకాశం వచ్చినందుకు గొంతు సవరించుకుని మరీ చెప్పాడు. "లైను క్లియర్ సార్. నిశ్చింతగా రండి."

పిల్లలు వెళ్ళాక వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాడు. భార్య కోటేశ్వరి చేటలో పండు మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది.

"గురవయ్యన్న ఉంటే ఎంత సంబరపడేవాడో పాపం," అంది. "అవునూ, అటు పక్క ఎవరు చూశారు?"

"ఎటు పక్క?"

"అదేనయ్యా, గురవయ్యన్న వైపు."

యలమందకి గుండె జారిపోయింది.

ఆయన వంతు నాలుగో కిలోమీటరు రాయి దాకానే. అటు నుంచి గురవయ్య వచ్చేవాడు. ఇద్దరూ ఆ రాయి దగ్గర కూర్చుని ఒకే అగ్గిపుల్లతో రెండు బీడీలు ముట్టించేవాళ్ళు. "నాది బాగుంది, నీదో?" అని ఈయన. "నాదీ బాగే" అని ఆయన. బీడీలు అయ్యాక ఎవరి దారిన వాళ్ళు వెనక్కి. గురవయ్య పచ్చకామెర్లతో పోయి నాలుగేళ్ళయింది. శనివారం నాడు యలమంద రాయి దాకా నడిచాడు, కూర్చున్నాడు, బీడీ కాల్చాడు, లేచాడు. కాళ్ళు వాటంతటవే ఇంటివైపు తిరిగాయి. రాయి అవతల చూడాలన్న ఊహే రాలేదు. సగం చూసి మొత్తానికి క్లియర్ చెప్పేశాడు!

"ఓరి దేవుడో!" అంటూ లేచి సైకిలు లాగాడు.

"ఏమైందయ్యా?"

"చూళ్ళేదే! అటు పక్క నేను చూళ్ళేదు!"

అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి, తుప్పు పట్టిన సైకిలు మీద కట్ట వెంట పడి తొక్కాడు. ఏముంటుందిలే, ఒట్టి మట్టేగా అని ఒక పక్క. ఉంటే? పిల్లలు మెల్లగా పోతారులే. ఎక్కడ, తన కూతురికి మెల్లగా అన్న మాట తెలిస్తేగా! ఎందుకు నేర్పించానురా సైకిలు అని తనని తానే తిట్టుకున్నాడు. తను నరికిన కంప, నెట్టిన రాళ్ళు పక్కన కనబడుతుంటే సిగ్గుతో చచ్చినంత పనయింది.

నాలుగో కిలోమీటరు రాయి దగ్గర మీరా హుస్సేన్ ఎదురొచ్చాడు. అటువైపు పత్తి చేను కౌలుకి చేస్తున్నాడు. "ఏం మావా, ఈ వయసులో ఆ తొక్కుడేంది?"

"అటు కట్టెట్లా ఉందిరా?"

"బానే ఉందిగా. ఆ తూముకాడ గండి తప్పిస్తే."

"గండా?"

"నీళ్ళెక్కట్లేదని అటు చేలవాళ్ళు కట్ట కొట్టలా? రెండేళ్ళయింది. పైన పత్తికట్టె పరిచి మట్టి పోశారు. మోపు నెత్తినెట్టుకుని మా ఆడోళ్ళు దాని మీదే నడుస్తారు మావా, ఏం కాదు. అదే సైకిలు ఊపు మీదొచ్చిందనుకో..." యలమంద మొహం చూసి ఆగాడు. "ఇందాక పోయినోళ్ళు మనోళ్ళా?"

"ముందు నా కూతురుందిరా," అని యలమంద మళ్ళీ సైకిలెక్కాడు.

కొంచెం దూరం పోయేసరికి కట్ట నిండా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గట్టి నేల, ఎత్తు మీద ఎండ, అంతకంటే మంచి కళ్ళం ఎక్కడ దొరుకుతుంది? వెంకటేశ్వరమ్మ గోనె పట్టా కింద కూర్చుని కాపలా కాస్తోంది. మిరపకాయల్లోకి చెప్పులతో అడుగు పెట్టడం ఆ ఊళ్ళలో మహాపాపం. యలమంద సైకిలు దిగి తోసుకుంటూ, చెప్పులతోనే, కాయల మీదుగానే పరుగెత్తాడు.

"ఒరేయ్ యలమందా! కళ్ళు పోయినియ్యా? పంట మీద చెప్పులా!" అని ముసలమ్మ లేచింది.

"పిల్లలు పోయి ఎంతసేపయింది వదినా?"

"ఆ పిల్లలే నయం! చెప్పులిప్పి, సైకిళ్ళు నెత్తికెత్తుకుని పక్కనించి పోయారు. అరగంటయింది!"

అరగంట! అయితే ఆపడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా తొక్కాడు. వెనక ముసలమ్మ తిట్లు చాలాసేపు వినిపించాయి.

దూరాన సైకిళ్ళు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు. నవ్వుల్లేవు, కేకల్లేవు. యలమంద తొక్కుతూనే తలలు లెక్కపెట్టాడు. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడే. తొమ్మిది మంది కదా వెళ్ళారు! దిగేసరికి సైకిలు చేతిలోంచి జారిపోయింది. వేణుగోపాల్ గబగబా ఎదురొచ్చాడు. ఆయన పక్కకి జరిగితే, కట్ట వాలులో కూర్చుని శ్రీరమ్య కనబడింది. మొహం నిండా మట్టి. ఎడమ చెయ్యి చున్నీతో మెడకి కట్టి ఉంది.

బతికుంది. నా తల్లి బతికుంది.

"కంగారు పడకండి యలమంద గారూ, తలకేమీ తగల్లేదు. చెయ్యి విరిగినట్టుంది. ఒకణ్ణి పొలాలకడ్డంగా రోడ్డుకి పంపాను, ఆటో తెస్తాడు," అన్నాడు వేణుగోపాల్.

త్రినాథ్ అనే కుర్రాడు ఉండబట్టలేకపోయాడు. "మట్టి తేడాగా ఉంది, దిగి చూద్దామని అన్నానండీ. 'మా నాన్న చూశాడు, ఇంకేం చూడక్కర్లేదు' అని శ్రీరమ్యే ముందుకి పోయింది."

ఆ మాట యలమందకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"చూశాడనే కదా అన్నాను," అంది శ్రీరమ్య గట్టిగా. "నిన్న చూసినప్పుడు బాగానే ఉండుంటుంది. రాత్రికి రాత్రి ఎవరో తవ్వుంటారు. దానికి మా నాన్నేం చేస్తాడు?"

"అవునవును, మీ తప్పేముందండీ," అన్నాడు వేణుగోపాల్.

యలమంద పైకప్పు కూలిన గండి వైపు చూశాడు. అంచుల నిండా గరిక అల్లుకుంది. లోపల పత్తికట్టె కుళ్ళి నల్లబడింది. అది నిన్నటి గండి కాదని పసిపిల్లాడైనా చెబుతాడు, కీమ్యాన్ కూతురు చెప్పలేదా? పక్కన కూర్చుని, "అమ్మా..." అన్నాడు.

"నాకు తెలుసు నాన్నా. గడ్డి చూశాను," అంది శ్రీరమ్య ఆయన చెవిలో. "నువ్వేం మాట్లాడకు."

విరిగిన చెయ్యి పట్టుకుని ఆ పిల్ల తన పరువు కాస్తోంది! నోరు మూసుకుంటే చాలు, ఇరవయ్యెనిమిదేళ్ళ పేరు పేరుగానే ఉంటుంది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆశపడ్డాడు కూడా.

వేణుగోపాల్ వాచీ చూసుకున్నాడు. "నేనూ త్రినాథూ ఇక్కడుంటాం. మిగతావాళ్ళు చివరిదాకా వెళ్ళొస్తారు, ఇంత దూరం వచ్చారు కదా. ఇక్కణ్ణించి దారి బాగానే ఉందిగా యలమంద గారూ?"

అయిదుగురు పిల్లలూ సైకిళ్ళు లేపి పట్టుకున్నారు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. శ్రీరమ్య మంచి చేత్తో ఆయన చొక్కా పట్టి లాగింది.

యలమంద ఆ చెయ్యి విడిపించుకుని లేచాడు.

"తెలీదు సార్," అన్నాడు. "నేను ఇటు రానే లేదు. నాలుగో రాయి దాకా వచ్చి, అలవాటు కొద్దీ వెనక్కి పోయాను. ఇది రెండేళ్ళ గండి. చూడకుండానే మీకు క్లియర్ చెప్పాను. ఎవరూ ఎక్కొద్దు బాబూ, దిగండి."

త్రినాథ్ తల దించుకున్నాడు. పిల్లలు ఒక్కొక్కరే సైకిళ్ళు పక్కన పడేశారు.

పడ్డప్పుడు గానీ, చెయ్యి కట్టేటప్పుడు గానీ శ్రీరమ్య కంట చుక్క నీరు రాలేదట. ఇప్పుడు భోరుమంది. "ఎందుకు చెప్పావు నాన్నా? నేను చెప్పానుగా, ఎందుకు చెప్పావు?"

"నా మాట నమ్మి నువ్వొక్కదానివి పడ్డావు, చాల్లేమ్మా," అంటూ యలమంద కూతురి పక్కన కూర్చున్నాడు.