రౌటర్ మీద పడుకున్న నీడ

టోంగా దేశంలోని వవావు దీవిలో లవీనియా పొద్దున్నే వాకిలి ఊడ్చి, మనవరాలి నుదురు ముట్టి చూసి, ఆపైన ఇంటర్నెట్ రౌటరుకి దండ మార్చేది. ఇంట్లోకి కొత్తగా వచ్చిన పెద్దమనిషి కదా మరి! కిటికీ గట్టు మీద కూర్చోబెట్టి, తన చేత్తో అల్లిన లేసుగుడ్డ కప్పి, దాని మీద పూలదండ వేసింది. గుడ్డ కింద దీపాలు మిణుకుమిణుకుమంటుంటే ఆవిడకి అదో మురిపెం.

గుమ్మం పక్కన చాప మీద భర్త ఫెలేతి నీడ ఉండేది. నాలుగేళ్ళ కిందట ఫెలేతి చేపలవేటకి వెళ్ళి తిరిగి రాలేదు. నీడ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. చల్లటి నీడ. పక్కింటివాళ్ళు వెన్నగిన్నె తెచ్చి అందులో పెట్టి, "అన్నా, కాస్త చూస్తుండు" అనేసి పోయేవారు. అది చాప దిగి ఎరగదు. "ఉన్నప్పుడూ ఇంతే, కూర్చుంటే లేవడు" అని లవీనియా దెప్పేది.

రెండేళ్ళ మనవరాలు లోసాకి గుండెలో చిల్లు. ఏడిస్తే పెదాలు నీలమయ్యేవి. ఆ గురువారం మధ్యాహ్నం ఆక్లండ్ డాక్టరు వీడియోలో పాపని చూసి ఆపరేషన్ జాబితాలో పేరు రాయాలి. ఈసారి తప్పితే మళ్ళీ ఏడాదికే. అన్నాళ్ళు పాప ప్రాణం ఆగదని తల్లి మెలెనైతెకి తెలుసు.

డాక్టరు మొహం ఇలా కనబడి అలా పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. మెలెనైతె రౌటరు మీద చెయ్యి పెట్టి చప్పున వెనక్కి లాక్కుంది.

"అమ్మా, కాలిపోతోందే ఇది! ముందా గుడ్డ తియ్యి!"

"చుట్టాలొస్తే బోసిగా కనబడదూ?"

"ఉక్కపోస్తే నువ్వు దుప్పటి కప్పుకుంటావా? దానికి గాలాడాలమ్మా!"

లవీనియా గుడ్డా దండా తీసేసింది. విసనకర్రతో విసిరింది. ఏం లాభం! కిటికీలోంచి ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. పక్కకి జరుపుదామంటే తీగ పొట్టిది. ఈలోగా ఫోను మోగింది. "ఇంకొక్కసారి చూస్తానమ్మా, తర్వాత వేరే పిల్లలున్నారు" అన్నాడు డాక్టరు.

లవీనియా చాపవైపు తిరిగింది. ఈసారి దెప్పలేదు.

"నీ మనవరాలయ్యా. ఒక్కసారైనా ఎత్తుకోలేదు నువ్వు. కాస్త లేవవూ?"

నీడ లేచింది. నేల మీదుగా మెల్లగా పాకి, గట్టెక్కి, రౌటరు చుట్టూ ముడుచుకుని పడుకుంది. దీపాలు పచ్చబడ్డాయి. డాక్టరు వచ్చాడు, ఈసారి పోలేదు. పాప ఏడ్చింది, ఆయన పెదాలు చూశాడు, గోళ్ళు చూశాడు, ఓపిగ్గా అన్నీ అడిగాడు. ఎండకి నీడ అంతకంతకీ పలచబడుతోంది. లవీనియాకి అది కనబడుతూనే ఉంది. ఆపమనలేకపోయింది.

"పేరు రాశాను. మార్చిలో తీసుకురండి."

మెలెనైతె పాపని పొదువుకుని భోరుమంది. లవీనియా చూసేసరికి గట్టు మీద ఎండ. చాప మీదా ఎండే.

నీడ ఇంట్లో ఉండగా పోయినవాళ్ళ కోసం కట్టే నల్లబట్ట ఎందుకు కడతానని ఇన్నాళ్ళూ మొండికేసిన మనిషి, ఆ సాయంత్రమే పెట్టె తెరిచి నల్లగౌను తీసి తొడుక్కుంది.

మార్చిలో ఆక్లండ్ ఆసుపత్రిలో ఒక టోంగా నర్సు ఆ గౌను చూసి, "ఎవరు పోయారు పెద్దమ్మా?" అని మెల్లగా అడిగింది.

లవీనియా గది అద్దాల తలుపులోంచి లోసాని చూస్తోంది. నిద్రలో పాప పెదాలు ఎర్రగా ఉన్నాయి.

"మా ఆయన తల్లీ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మొన్ననే పోయాడు."